నీళ్లు లేని టెంకాయ

మహానంది, 1956 మే, గురువారం రాత్రి

ఓడ మీది నుంచి లేచిన మా ఆయన విమానం సముద్రంలో పడిపోయిందని యుద్ధకాలంలో తంతి వచ్చింది. శవం దొరకలేదు. పన్నెండేళ్లు ఎదురుచూశాం, ఇక చాలన్నారు పెద్దలు. ఈ రోజు దర్భలతో ఆయన బొమ్మ చేసి దహనం చేయించారు. తలకు బదులు టెంకాయ పెట్టారు. నీళ్లు ఇంకిపోయిన కురిడీ కాయ కావాలని కర్మ చేయించే అయ్యవారు చెబితే, చెవి దగ్గర ఆడించి నేనే ఏరాను. లోపల చుక్క చప్పుడు కూడా లేదు.

మరిది నిప్పు పెట్టాడు. ఈ ఎండలకు దర్భలు భగ్గున అంటుకున్నాయి. అంతలో టెంకాయ పగిలింది. బిందెడు నీళ్లు కుమ్మరించినట్టు మంట మొత్తం ఆరిపోయింది. నా ముఖం తడిసింది.

"మళ్లా ముట్టించప్పా," అన్నాడు అయ్యవారు.

అత్త నా పక్కకు జరిగింది. "నీ నోట్లో పడినాయా మే? ఎట్లుండాయి?"

ఎందుకడిగిందో నాకు తెలుసు. సముద్రం పైనుంచి చూస్తే దున్నిన రేగడి చేనులా ఉంటుందని, ఆ నీళ్లు మాత్రం నోట పెట్టలేమని ఆయన రాసిన జాబు ఆమెకు ఎన్నిసార్లు చదివి వినిపించానో.

"తియ్యగా ఉండాయత్తా," అన్నాను.

ఆమె తల ఊపింది. రెండోసారి మంట నిలిచింది. సాయంత్రం నా బొట్టు తీసేశారు.

ఇక్కడి కోనేటి నీళ్లతో నాలుగుసార్లు ముఖం కడుక్కున్నాను. పెదవులు ఇంకా ఉప్పగానే ఉన్నాయి. కన్నీళ్లనుకుందామంటే, నేనింకా ఏడవనే లేదు.