బేకరీలో రెండు ముక్కులు

అక్కా,

నా సైనస్‌కి ఆపరేషనే దారని నువ్వు పట్టుబట్టి సర్జన్ దగ్గర తేదీ కూడా తీసుకున్నావు. కత్తంటే భయపడే నేను మూడు నెలలు మందులు వాడి చూస్తానన్నాను, ఒప్పుకుంటున్నా. పూటపూటా ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుని స్ప్రే కొట్టుకున్నాను.

నిన్న బేకరీలో రొట్టె మాడుతున్న వాసన తగిలింది. ఆరేళ్ల తర్వాత! పరుగెత్తి ఓవెన్ తెరిచాను. ఇన్నాళ్లూ నా బదులు వాసన చూసి "ఇక తియ్యండి" అనే నీ మరదలు పక్కనే ఉంది, ఉలుకూ పలుకూ లేదు.

నిలదీస్తే బయటపడింది. తనకీ రెండేళ్లుగా వాసన తెలియదట. నేను బెంగపెట్టుకుంటానని చెప్పకుండా, గోడ గడియారం చూసి రొట్టెలు తీయిస్తోందట. నిన్న ఆ గడియారం ఆగిపోయింది.

సర్జన్ ఇచ్చిన తేదీ వదులుకోకు. పేషెంటు పేరు మాత్రం మార్పించు.

ముక్కు తిరిగొచ్చిన
నీ తమ్ముడు