ఆరు మళ్ళు, ఏడు బెంచీలు

స్టార్క్‌వెల్, వెర్మాంట్
ఫిబ్రవరి 20

ఒడెట్ అక్కా,

ఎలా ఉన్నావని అడిగే ఓపిక కూడా లేదు. నా గోడు విను. ఇవాళ బడికి ఇంకో బెంచీ వచ్చింది. ఈ మంచులో, ట్రక్కెక్కి, రిబ్బను కట్టుకుని మరీ వచ్చింది. ఈమధ్య పోయిన ఓ పెద్దాయన జ్ఞాపకార్థం ఆయన పిల్లలు ఇచ్చారట. ఇప్పుడు మా బడి తోటలో మళ్ళు ఆరు, బెంచీలు ఏడు. కూర్చోడానికి ఊరు ఊరంతా సిద్ధమే, వంగడానికే ఎవరూ లేరు.

తోటంటే ఇష్టం లేదన్న మనిషిని ఈ ఊళ్ళో ఒక్కరిని చూపించు, దణ్ణం పెడతాను. కిరాణా కొట్లో ఆపి మరీ చెబుతారు. "డెల్ఫిన్, నువ్వు చేసేది ఎంత గొప్ప పనో! మావాడు ఆకుకూర తింటున్నాడు, నమ్ముతావా?" నమ్ముతాను తల్లీ, వంట క్లాసులో తినిపించింది నేనేగా! మరి పోయిన జూన్‌లో వేసవి సెలవులకి బడి మూసేశాక వారానికో ఇంటివాళ్ళు నీళ్ళు పోస్తామని మాటిచ్చారా? ఒకళ్ళు సరిగ్గా తమ వారం రాగానే సరస్సుకి సెలవులకి పోయారు. ఇంకొకళ్ళు వచ్చి క్యారెట్ మొలకలన్నీ శుభ్రంగా పీకేసి, కలుపుని జాగ్రత్తగా వదిలేసి, బొటనవేలు పైకెత్తి ఫోటో పంపారు. మూడో ఆవిడ నాకు మాటమాత్రం చెప్పకుండా బీన్స్ మడిలో పుదీనా నాటింది, పిల్లలకి వాసన బాగుంటుందని. మనందర్నీ పాతిపెట్టాక కూడా ఆ పుదీనా బతికే ఉంటుంది.

ఇవన్నీ నవ్వుతూ చెప్పగలను. నవ్వుతూ చెప్పలేనిది ఒకటుంది, ఇన్నాళ్ళూ నీ దగ్గరా దాచాను. జూలైలో నడుం పట్టేసి మంచమెక్కానని నీకు తెలుసు. ఊరంతా ఎంత బాగా చూసుకున్నారో అని నీతో గొప్పలు కూడా పోయాను. నిజమే, వంటిల్లు పట్టనన్ని గిన్నెలు తెచ్చారు. మాకరోనీ, చికెన్ పై, చీజ్ వేసి కాల్చిన బంగాళదుంపలు... ఫ్రిజ్ తలుపు పడితే ఒట్టు. కానీ అక్కా, మా ఇంటికి రావాలంటే బడి తోట పక్కనించే రావాలి. వేరే దారే లేదు. ఆ గిన్నెలు పెట్టుకుని అందరూ ఎండిపోతున్న తోట పక్కనించే కార్లు పోనిచ్చారు. ఒక్కరంటే ఒక్కరు ఆగి కుళాయి తిప్పలేదు.

బడి తెరిచిన రోజు పిల్లలు మేలో తాము నాటిన బీన్స్ చూడ్డానికి పరిగెత్తారు. కర్రలకి ఎండు తీగలు వేలాడుతున్నాయి. బ్రియెల్ అని తొమ్మిదేళ్ళ పిల్ల, నా చెయ్యి పట్టుకుని, "మేం రాలేదని చచ్చిపోయాయా టీచర్?" అంది. వానల్లేవమ్మా అన్నాను. ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా ఏడ్చాను.

అందుకే నిశ్చయించుకున్నాను. మార్చిలో జరిగే ఊరి సభలో నేనే లేచి, తోటనీ వంట క్లాసునీ మూసేయమని ప్రతిపాదన పెడతాను. మళ్ళీ పిల్లల చేత నాటించి, మళ్ళీ వాళ్ళకి ఎండు తీగలు చూపించడం నా వల్ల కాదు. ఆంబ్రోస్ పెటింగిల్ ఎలాగూ బలపరుస్తాడు. రోడ్డు మీద గుంట పూడుస్తామన్నా వద్దనే మనిషి. నన్ను ఆపాలని మాత్రం చూడకు.

విసిగి వేసారిన నీ చెల్లెలు,
డెల్ఫిన్

స్టార్క్‌వెల్
మార్చి 6

నా బంగారు అక్కా,

నీ ఫోన్లు ఎత్తలేదని తిట్టుకుంటున్నావని తెలుసు. ఎత్తితే ఆపుతావని ఎత్తలేదు. సభ అయిపోయింది, నా పరువూ అయిపోయింది.

బడి జిమ్ నిండా జనం, బురద బూట్లు. వెనక వంటగదిలో మా పిల్లలు సభ భోజనానికి సూప్ కాస్తున్నారు, ఆ ఎండల్లో బతికి బట్టకట్టిన టర్నిప్‌లతో. నా వంతు రాగానే లేచాను. అంతా కక్కేశాను, బీన్స్ గురించి, గిన్నెల గురించి, ఆఖరికి బెంచీల గురించి కూడా. "కాబట్టి మూసేద్దాం," అన్నాను.

సభ నడిపే గ్లెన్ టటిల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బలపరిచేవాళ్ళు ఎవరు?"

ఆంబ్రోస్ వంక చూశాను. ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"ఆంబ్రోస్ బాబాయ్!" అన్నాను సిగ్గు విడిచి. "అన్నిటికీ వద్దంటారుగా, దీనికేం వచ్చింది?"

"నన్ను లాగకమ్మాయ్. మోకాళ్ళ నొప్పితో చస్తున్నాను," అన్నాడు.

గ్లెన్ మళ్ళీ అడిగాడు. అక్కా, ఒక్క చెయ్యి లేస్తేనా! నాకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళు పోయమంటే రారు, సరే, మూసేద్దామన్నా రారా? మన సభల పద్ధతి నీకు తెలిసిందే. బలపరిచే మనిషి లేక నా ప్రతిపాదన అక్కడికక్కడే పోయింది. కూర్చోమన్నాడు. కూర్చున్నాను.

అప్పుడు లేచాడు ఆంబ్రోస్, మోకాలు పట్టుకుని. "నేనూ ఓ గిన్నె పట్టుకెళ్ళాను. దారిలో తోట చూశాను. ఎవరో ఒకరు పోస్తారులే అనుకున్నాను." టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "నా ప్రతిపాదన వినండి. జూలై నెలంతా డెల్ఫిన్ తోటలో అడుగు పెట్టకూడదు. పెడితే బయటికి పంపాలి. మొదటి వారం నీళ్ళు నేను పోస్తా. కాకపోతే క్యారెట్టేదో కలుపేదో నాకు తెలీదు, ఎవరైనా చూపించాలి."

"నేను చూపిస్తా!" వంటగది గుమ్మంలోంచి బ్రియెల్ అరిచింది, గరిటె పట్టుకునే.

"బలపరుస్తున్నా! బలపరుస్తున్నా!" ఎన్ని గొంతులో! గ్లెన్ బల్ల బాది, "ఒక్కరు చాలు బాబూ, ఒక్కరు చాలు!" అని మొత్తుకున్నాడు.

ఓటుకి పెడితే జిమ్ నిండా చేతులే. గెలిచానో ఓడానో తెలీదు. చెయ్యెత్తినవాళ్ళందరూ వస్తారనుకునేంత పిచ్చిదాన్ని కాదు, సగం మంది సరస్సుకే పోతారు. కానీ సగం మంది రారా? ఈ ఊరికి అదే ఎక్కువ. భోజనాల దగ్గర అలవాటుగా వడ్డించబోతే పిల్లలు నన్ను పట్టుకుని కుర్చీలో కూలేసి, సూప్ నా ముందు పెట్టారు. ఉప్పెక్కువైంది. కానీ వేడిగా ఉంది. ఇన్నేళ్ళలో వాళ్ళు వండింది నేను వేడిగా తినడం ఇదే మొదటిసారి. కళ్ళనీళ్ళు గిన్నెలో పడుతుంటే తాగాను. చుట్టూ ఉన్నవాళ్ళందరూ చూడనట్టే ఉన్నారు. ఆ పని మాత్రం ఈ ఊరికి బాగా వచ్చు.

తన తోటలోంచి తననే వెళ్ళగొట్టించుకున్న
నీ డెల్ఫిన్