అత్తయ్య గది కిటికీ తాళ్ళు

లీత్ రేవు,
1957 మార్చి 9, శనివారం.

ప్రియమైన డూగల్‌కు,

నీ ఎల్స్‌పెత్ రాస్తున్నది. ఇక్కడ క్షేమం. ఎప్పటిలాగే "అందరం క్షేమం" అని రాయబోయి కలం ఆపాను. సెప్టెంబరులో నువ్వు తిమింగలాల వేట ఓడ ఎక్కిన రోజున ఈ ఇంట్లో ఇద్దరం ఆడవాళ్ళం ఉన్నాం. ఇప్పుడు నేనొక్కదాన్నే. అంచేత ఆ మాట వదిలేశాను. అక్కడ మంచులో నువ్వూ, నీ తోటివాళ్ళూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఫిబ్రవరి ఉత్తరం పోయిన శుక్రవారం అందింది. చమురు మరకలు పడి రెండు వాక్యాలు చదవడానికి రాలేదు కాని, నువ్వడిగిన మూడు ప్రశ్నలూ స్పష్టంగానే ఉన్నాయి. నా అలవాటు నీకు తెలుసు. వాటిని నోటుపుస్తకంలో వరుసగా ఎక్కించుకుని కూర్చున్నాను. సమాధిలోకి అమ్మ పెట్టెను దించేటప్పుడు పెద్దకొడుకుగా నువ్వు పట్టుకోవలసిన తాడు ఎవరు పట్టుకున్నారన్నది మొదటిది. నా దగ్గు తగ్గిందా అన్నది రెండోది. మూడోది నీ మాటల్లోనే రాస్తాను: "అమ్మ పోగానే కిటికీ తెరిచానని రాశావు. అమ్మ గది కిటికీయేనా? ప్రాణం రేవు వైపుకే వెళ్ళిందని అనుకోవచ్చా?" దానికి జవాబు చివర చెబుతాను. దానికోసమే ఈ ఉత్తరం. మంగళవారం సరుకుల ఓడ కదిలేలోగా పూర్తి చేయాలి.

నీ తాడు హెక్టర్ పట్టుకున్నాడు. మీ మేనమామ కొడుకు కాబట్టి తల వైపు మొదటి తాడుకు అతనే తగినవాడని ఫాదరీ గారు అన్నారు. ఎవరు ఏ తాడు పట్టాలో చెప్పే చీటీల్లో మొదటిదాని మీద నేను ముందే నీ పేరు రాసి ఉంచాను. పెద్దకొడుకు పేరు లేకుండా మొదటి చీటీ రాయడానికి నాకు చెయ్యి రాలేదు. హెక్టర్ దాన్ని చూసి, "ఇది వాడికే ఉంచు చెల్లెమ్మా, నేను పట్టుకున్నది వాడి తరఫునే" అని నాకు తిరిగి ఇచ్చాడు. సొరుగులో ఉంది. పెట్టెను దించేటప్పుడు ఏ తాడూ జారలేదట, ఎక్కడా ఒరగలేదట. మేం ఆడవాళ్ళం ఇంట్లోనే ఉన్నాం కాబట్టి విన్నది రాస్తున్నాను.

దగ్గు తగ్గింది. కింది అంతస్తు పర్విస్ పిన్ని రెండు వారాలు బార్లీ సూపు కాచి మోసుకొచ్చింది. నాలుగు అంతస్తుల మెట్లెక్కి, ఆయాసపడుతూ, "నీ దగ్గు నయం కాకపోతే నా మోకాళ్ళ ఉసురు నీకు తగులుతుంది" అని తిట్టి మరీ తాగించింది.

ఇక కిటికీ సంగతి. నువ్వు వెళ్ళేనాటికే అత్తయ్య గది కిటికీలో, పైకెత్తే చట్రాన్ని చెరో పక్కా మోసే రెండు తాళ్ళలో ఒకటి తెగి ఉంది. "వచ్చాక మారుస్తాలే" అన్నావు. సెప్టెంబరు ఆఖరులో రెండో తాడూ తెగింది. కింది చట్రం మొత్తం ధడేలుమని పడింది. అత్తయ్య అప్పుడే కిటికీ గడప మీంచి చెయ్యి తీసింది. ఒక్క క్షణం ఆలస్యమైతే వేళ్ళు పోయేవి. ఈ సంగతి నీకు రాయలేదు. రాస్తే నువ్వు అక్కడ కూర్చుని ఏం చేయగలవు? ఆ తర్వాత కిటికీ మూసే ఉంచాను. అత్తయ్యకు అది నచ్చలేదు. రోజూ ఓడలు రేవులోకి వచ్చే పోటు వేళకు మొదలుపెట్టేది.

"ఏమే, ఆ కిటికీ కాస్త ఎత్తు. ఓడల కూతలు వినపడటం లేదు."

"మీ ఛాతీకి గాలి పడదని డాక్టరు గారు చెప్పారు కదా అత్తయ్యా. వసంతం రానివ్వండి, తాళ్ళు మార్పిస్తాను."

"వసంతానికి నేనుంటానని నీ పుస్తకంలో రాసుకున్నావా?"

నేను నవ్వేశాను. నిజానికి నా పుస్తకంలో ఉంది, డూగల్. "అత్తయ్య కిటికీ తాళ్ళు, మార్చి" అని అక్టోబరు నెల పేజీలోనే రాసి ఉంది.

మార్చి వచ్చింది. రాసుకున్న పని రాసుకున్నట్టు చేయాలి కదా. ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ముసలాయన, "మీ ఆయన చేయడా?" అన్నాడు. దక్షిణ సముద్రంలో ఉన్నాడన్నాను. "అయితే కేకేస్తే పలకడు. విను తల్లీ," అని బల్ల మీద సుద్దతో గీసి మరీ చూపించాడు. కొత్త తాడు సాగుతుందట. కొనగానే కోస్తే వారం తిరిగేసరికి పొడవైపోయి, దాని కొసన గోడలో వేలాడే బరువు అడుగున తగిలి, కిటికీ పైదాకా ఎక్కదట. అందుకని ముందు ఒక రోజు బరువు కట్టి వేలాడదీయాలి. నేను వంటింటి దూలానికి కట్టి, బొగ్గుల బకెట్టు తగిలించి, రెండు రోజులు ఉంచాను. అంగుళమున్నర సాగింది.

గురువారం పొద్దున్నే పర్విస్ పిన్ని చట్రం పట్టుకోవడానికి వచ్చింది. చట్రాన్ని పట్టి ఉంచే పక్క పట్టీ ఊడదీయాలంటే ముందు రంగును చాకుతో చీల్చాలి. నేను చాకు పెట్టి ఒక పక్క సగం దాకా లాగాను. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని దగ్గరికి వచ్చింది. ఆ రంగు మీద, చట్రానికీ గడపకూ మధ్య సందు ఉండాల్సిన చోట, వేలితో మెల్లగా తడిమింది. చుట్టూ నాలుగు పక్కలా తడిమింది. నా చాకు గీత తప్ప ఎక్కడా చీలిక లేదు. నావైపు చూసింది. నేను చాకు లాగుతూనే ఉన్నాను.

చట్రం బయటికి తీసి మంచం మీద పడుకోబెట్టాం. బరువులు వేలాడే పక్క పెట్టెకు అడుగున చిన్న చెక్క మూత ఉంటుంది, నీకు తెలుసు. ఎడమ వైపు మూత తీసి చెయ్యి పెడితే మామూలు ఇనుప బరువే దొరికింది, పొడుగ్గా, తుప్పుతో. కుడి వైపు చెయ్యి పెట్టాను. సగానికి విరిగిన బరువు ఒకటి, దాని కింద తీగతో కట్టిన ఇంకో ఇనుప ముక్క. బయటికి లాగి ఏప్రన్‌తో తుడిచాను. ముందు గుండ్రం, వెనక నలుచదరం, కొక్కెం తగిలించడానికి వెనక ఒక రంధ్రం.

పర్విస్ పిన్ని చట్రం వదిలేసి లేచి నిలబడింది.

"అది ఇస్త్రీ దిమ్మ కదే!"

అవును, డూగల్. అత్తయ్య పాత ఇస్త్రీపెట్టెలో నిప్పుల్లో కాల్చి పెట్టే దిమ్మ. రెండుండేవి కదా, ఒకటి కాలుతుంటే ఇంకొకటితో పని జరిగేది. ఆ రెండోది. పర్విస్ పిన్ని అడిగి పట్టుకెళ్ళి ఎగ్గొట్టిందని నీ చిన్నప్పటి నుంచీ మీ అమ్మ అంటూ వచ్చిన దిమ్మ.

"ప్రతి మంగళవారం," అంది పర్విస్ పిన్ని, "ప్రతి మంగళవారం ఆ మెట్ల మీద నిలబడి, 'కొందరి ఇళ్ళలో ఒక్క దిమ్మే మిగులుతుంది, కొందరి ఇళ్ళలో మూడేసి ఉంటాయి' అని నాకు వినపడేట్టు అనేది మీ అత్త. నా ఇస్త్రీపెట్టె తెచ్చి ఆవిడ ఒళ్ళో పెట్టినా నమ్మలేదు!"

చెక్క మూత వెనక పెన్సిల్ రాత ఉంది. తాళ్ళు మార్చినవాళ్ళు పేరు, తేదీ లోపల రాయడం మన వీధిలో మామూలే కదా. మామయ్య గుండ్రటి అక్షరాలు వెంటనే పోల్చుకున్నాను. "1934 జూన్. తాడు తెగి పడి బరువు విరిగింది. ప్రస్తుతానికి జెస్సీ ఇస్త్రీ దిమ్మ కట్టాను. కొత్తది తెచ్చాక తీసేయాలి. అప్పటిదాకా తనకు చెప్పొద్దు. నినియన్ లాకీ."

పైకి చదివాను. పర్విస్ పిన్ని నవ్వడం మొదలుపెట్టింది. మంచం కోడు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను, అత్తయ్య పోయాక మొదటిసారి. అలా నవ్వుతూ నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకోవడం మొదలుపెట్టింది. అవి నవ్వు కన్నీళ్ళు కావని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

"మర్నాడు తెస్తాననుకుని ఉంటాడు పాపం," అంది. "మర్నాటికి జెస్సీ నన్ను దొంగని చేసేసింది. ఇక నోరు విప్పడానికి ముఖం చెల్లలేదు. మంచివాడే. పోయేదాకా మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నాకు టోపీ తీసి దణ్ణం పెట్టేవాడు. ఎందుకింత మర్యాదా అనుకునేదాన్ని!"

తర్వాత దిమ్మను చేతిలో తిప్పుతూ, నావైపు చూడకుండా అంది.

"ఆ రంగు సంగతి నేను ఎవరికీ చెప్పనే ఎల్సీ. నీ మొగుడు వచ్చి చూసేసరికి కొత్త తాళ్ళు, కొత్త రంగు ఉంటాయి. నీ ఇష్టం."

నిజమే. నేను చెప్పకపోతే నీకు ఎప్పటికీ తెలియదు. అందుకే రాస్తున్నాను.

డూగల్, అత్తయ్య గది కిటికీ తెరవలేదు. రెండో తాడు తెగిన వారానికే నేను దాని సందులన్నీ కాగితంతో కూరి, పైన చిక్కగా రంగు పూసేశాను. వేళ్ళు నలగకుండా, గాలి రాకుండా. ఒక్కసారికి గట్టిగా పని చేశాననుకున్నాను. అత్తయ్య మంచంలోంచి చూస్తూనే ఉంది. నేను కుంచె కడుక్కుంటుంటే, "సీసా బిరడా బిగించావన్నమాట," అంది. ఆ తర్వాత మూడు నెలలపాటు ఆవిడ ఎత్తమన్నప్పుడల్లా, ఎత్తలేని కిటికీ ముందు నిలబడి, ఎత్తగలిగినదానిలాగా "వసంతంలో" అన్నాను.

జనవరిలో ఆ మంగళవారం మధ్యాహ్నం రెండింటికి అత్తయ్య ఆఖరి ఊపిరి వదిలింది. పక్కన నేనూ పర్విస్ పిన్నీ. పిన్ని ఆవిడ కళ్ళు మూసి, "కిటికీ ఎత్తవే, దారి ఇవ్వు," అంది. నేను కిటికీ తెర వెనక్కి వెళ్ళాను. అరచేతులు పెట్టి తోశాను. భుజం పెట్టి తోశాను. గోళ్ళతో రంగు గీకాను. అది గోడలాగా ఉంది. అద్దం అవతల రేవు, పొగగొట్టాలు, అన్నీ కనిపిస్తున్నాయి, శబ్దం మాత్రం లేదు. తెర ఇవతలికి వచ్చి, "తెరిచాను," అన్నాను. పిన్ని తలూపి, "హాయిగా పోయింది," అంది. మర్నాడు నీకు అదే రాశాను.

అద్దం పగలగొట్టవచ్చని నాకు సాయంత్రం టీ కాచుకుంటుంటే తట్టింది. పొయ్యి పక్కనే ఇనుప కడ్డీ ఉంది. పెళ్ళయి వచ్చినప్పటి నుంచీ ఈ ఇంట్లో ఏ వస్తువూ పాడుచేయకుండా బతికినదాన్ని. ఆ క్షణంలో నా బుద్ధికి అద్దం పగలగొట్టడం అనే పనే అందలేదు. దీనికి నువ్వు నన్నేమన్నా పడతాను. "చలికి భయపడి చేశావు, నీ తప్పేముంది" అని మాత్రం తొందరపడి రాయకు. గాలి ఆవిడ ఛాతీకి పడదన్నది నిజం. కాని ఆవిడ అడిగింది గాలి కాదు, కూత. రోజుకు అయిదు నిమిషాలు శాలువా కప్పి వినిపించగలిగేదాన్ని.

కిటికీ పూర్తయింది. రెండు పక్కలా కొత్త తాళ్ళు, కుడి వైపు కొత్త బరువు. చట్రాన్ని వంటింటి తక్కెడలో రెండుసార్లు తూచి, అందులో సరిగ్గా సగానికి సరిపోయేది తెచ్చాను. ఇప్పుడు ఒక్క వేలితో ఎత్తితే పైకి వెళ్తుంది, ఎక్కడ వదిలితే అక్కడ నిలుస్తుంది. దిమ్మను పర్విస్ పిన్ని పట్టుకెళ్ళింది. "ఇరవై మూడేళ్ళు దొంగతనం మోశాను, సరుకైనా నాకు దక్కొద్దూ?" అని ఏప్రన్ జేబులో వేసుకుంది. చెక్క మూత వెనక మామయ్య రాత కింద నా పేరూ తేదీ రాశాను. ఇంకో మాట కూడా రాద్దామని పెన్సిల్ పెట్టి, తీసేశాను. గోడలో మూసేసిన మాట ఎవరి నెత్తిన పడుతుందో చూశాను కదా. నీకు రాయవలసినది నీకే రాయాలి.

ఆవిడ మెట్లు దిగుతుంటే అడిగాను. "పిన్నీ, ఇప్పుడు తెరిచాను. ఏడు వారాలు దాటింది. ఇంత ఆలస్యంగా తెరిస్తే పనికొస్తుందా?"

పర్విస్ పిన్ని మెట్ల కమ్మీ పట్టుకుని ఆగింది.

"నా పేరు మీది మచ్చ ఇవాళ కడిగారు కదే, ఇన్నేళ్ళకి," అంది. "నాకు పనికొచ్చింది."

గురువారం నుంచి కిటికీ జానెడు ఎత్తి ఉంచాను. గది గడ్డకట్టిపోతోంది. పోటు వేళకు శాలువా కప్పుకుని ఆవిడ మంచం మీద కూర్చుంటున్నాను. ఓడలన్నీ కూస్తున్నాయి, ఏది ఎవరిదో నాకు తెలియదు. ఆవిడకు తెలిసేది. మేలో మీ ఓడ రేవులోకి వచ్చేటప్పుడు కూత గట్టిగా వేయమని కెప్టెన్ గారికి చెప్పు. ఇంటికి రాగానే నాతో మాట్లాడబుద్ధి కాకపోతే ముందు ఆ గదిలోకి వెళ్ళు. నేను వంటింట్లో ఉంటాను. పిలిచినప్పుడు వస్తాను.

ఇట్లు,
నీకు అబద్ధం రాసి, మళ్ళీ నిజం రాసిన
నీ భార్య,
ఎల్స్‌పెత్