పదిహేడు–పద్నాలుగు

అయోవా రాష్ట్రం, కెండ్రిక్ పట్టణం, మిల్ వీధిలో కాపురముంటున్న ఆర్విడ్ లుండ్‌క్విస్ట్ అనే నేను, వయసు ఎనభై ఎనిమిదేళ్ళు, కెండ్రిక్ కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు ముప్పై ఒక్క ఏళ్ళు కోచ్‌గా పనిచేసి విరమించినవాణ్ణి, ఈ వీలునామాను నా సొంత టైపు మిషను మీద, నా ఇష్టప్రకారం, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకుంటున్నాను. మతి స్థిరత్వం గురించి: పోయిన వారం డాక్టరు నన్ను వంద నుంచి ఏడేసి తీసేస్తూ వెనక్కి లెక్కపెట్టమంది. నలభై నాలుగు దాకా తప్పు లేకుండా వచ్చి, విసుగొచ్చి మానేశాను. ఆమె సర్టిఫికెట్టు ఇచ్చింది. దాన్ని దీనికి జతపరిచాను. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కుమార్తె జోలీన్‌ది. కారణం ఆమెకు ఫుట్‌బాల్ అంటే పడకపోవడం. కెండ్రిక్‌లోనూ పక్కనున్న మార్లోలోనూ ఆ ఆట గురించి గొంతు పెంచకుండా మాట్లాడగలిగిన మనిషి నాకు తెలిసి ఆమె ఒక్కతే. ఆటకు సంబంధించిన సంగతులు కింద ఆమెకు అర్థమయ్యేలా రాశాను. తెలిసినవాళ్ళు ఓపిక పట్టాలి.

2. నా అంత్యక్రియల్లో కెండ్రిక్ కాలేజీ తరఫున ఎవరూ ప్రసంగించకూడదు. ప్రసంగిస్తే 1979 గురించి చెప్తారు. పాస్టరు నాలుగు ముక్కలు చదివితే చాలు. తర్వాత చర్చి కింది గదిలో కాఫీ, హామ్ శాండ్‌విచ్‌లు పెట్టించాలి.

3. మిల్ వీధిలోని ఇల్లు, అందులోని సామానుతో సహా, సర్వహక్కులతో జోలీన్‌కు చెందాలి. మెట్ల కింద వాళ్ళమ్మ మార్గిట్ వాడిన ఆకుపచ్చ ఫ్లాస్కు ఉంది. దాని మూత బిగుసుకుపోయింది. ముప్పై ఏళ్ళ పాటు ప్రతి నవంబరు రెండో శనివారం మా కాలేజీకీ మార్లో కాలేజీకీ జరిగే ఆటలో మార్గిట్ ఆ ఫ్లాస్కుతో సగం ఆట మావైపు కూర్చుని, విరామంలో మైదానం చుట్టూ నడిచి, మిగతా సగం మార్లో కాలేజీ వైపు కూర్చునేది. ఆమె మార్లోలో చదువుకుంది. నేను అక్కడి పిల్లను చేసుకున్నందుకు మా కాలేజీ ప్రెసిడెంటు పెళ్ళికి రాలేదు. ఫ్లాస్కును పారెయ్యవద్దు.

4. పెరట్లో బట్టలు ఆరేసే తీగకు ఉత్తరం వైపున్న ఇనుప స్తంభం నాది కాదు. అది మార్లో వాళ్ళ గోల్ స్తంభంలో ఒక ముక్క. 1967లో వాళ్ళ మైదానంలో మేము గెలిచాక మా విద్యార్థులు దాన్ని పీకి, పదకొండు మైళ్ళూ భుజాల మీద మోసుకొచ్చి నా పెరట్లో పడేశారు. మార్గిట్ దానికి తీగ కట్టింది. దాన్ని తవ్వితీసి, రంగు వేయించి, అప్పటి మార్లో కోచ్ డ్వైట్ హెమింగ్‌కు అప్పగించాలి. ఆయన తొంభై రెండేళ్ళ వయసులో వృద్ధుల ఆశ్రమంలో ఉన్నాడు. కిరాణా కొట్లో కనబడ్డప్పుడల్లా, "ఏమోయ్ ఆర్విడ్, మీ బనియన్లు ఇంకా మా స్తంభం మీదే ఆరుతున్నాయా?" అని నలుగురికీ వినబడేలా అడిగేవాడు. అందుకే ఇన్నాళ్ళూ తిరిగివ్వలేదు. మర్యాదగా అడిగి ఉంటే 1968లోనే ఇచ్చేవాణ్ణి. ఆశ్రమం వాళ్ళు స్తంభాన్ని లోపలికి రానివ్వకపోతే అది జోలీన్ చూసుకోవాలి.

5. మార్లో రోడ్డులో ఉన్న ఇరవై ఎకరాల సోయా పొలం నా కుమారుడు కర్టిస్‌కు చెందాలి. దీనికి షరతులేమీ లేవు. అయితే కొన్ని సంగతులు రాతపూర్వకంగా ఉండాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

కర్టిస్‌కు పదిహేడేళ్ళప్పుడు, నేను ఇది టైపు చేస్తున్న ఈ వంటింట్లోనే, నా జట్టులో ఆడతానన్నాడు. "నీ పరుగు నెమ్మదిరా. నా దగ్గర బెంచీ మీద కూర్చుంటావు," అన్నాను. వాడు గిన్నె కడిగి బోర్లించి, "అయితే మార్లో వాళ్ళని అడుగుతాలే," అన్నాడు. వేళాకోళం అనుకున్నాను. ఆ ఆగస్టులో వాడి పెట్టె హెమింగ్ కారులో మార్లోకు వెళ్ళింది.

వాడి పరుగు నెమ్మది అన్న మాట నిజమే. కాని మా ఫుట్‌బాల్‌లో బంతిని చేతులతో పట్టాలి, వాడి చేతుల్లో పడ్డ బంతి కింద పడేది కాదు. ఆ సంగతి నేను చూడలేదు, హెమింగ్ చూశాడు.

6. 1979 నవంబరు 10, శనివారం. మార్లో మైదానం. కర్టిస్‌కు ఇరవై ఏళ్ళు, చొక్కా మీద ఎనభై నాలుగో నంబరు. ఆ వేసవిలో గడ్డి బండి మీంచి పడి వాడి ఎడమ మోకాలు వాచింది. ఆ సంగతి హెమింగ్‌కు చెప్తే ఆడనివ్వడని దాచాడు. తెలిసింది ఇంట్లోవాళ్ళం నలుగురికే.

జోలీన్ కోసం: మా ఆటలో కోచ్ గీత బయట నిలబడి, తర్వాత ఏం చెయ్యాలో తన వాళ్ళకు చేతులతో సైగ చేస్తాడు. నేను చెవి పట్టుకుంటే బంతి విసరమని, టోపీ సర్దితే బంతి పట్టుకుని పరిగెత్తమని. ఆ సైగలన్నీ నేను భోజనాల బల్ల దగ్గర, ఉప్పు సీసానూ మిరియాల సీసానూ ఆటగాళ్ళలా జరుపుతూ తయారుచేసుకున్నవే. పిల్లలు చూస్తూ పెరిగారు. జోలీన్ మర్చిపోయింది. కర్టిస్ మర్చిపోలేదు.

మొదటి సగంలో మేము ఏం చెయ్యబోతున్నా మార్లో వాళ్ళు ముందే అక్కడ నిలబడి ఉన్నారు. నేను చెవి ముట్టుకోగానే అవతల కుర్రాళ్ళు "విసురుతాడు, విసురుతాడు!" అని అరుస్తున్నారు. విరామానికి వాళ్ళు పద్నాలుగు, మేము సున్నా. ఎవరు చెప్పారో నాకు అర్థమైంది. కోపం వచ్చింది. అంత కోపం నాకు అంతకు ముందు రాలేదు, ఆ తర్వాత కూడా రాలేదు. సైగలన్నీ మార్చేశాను. మేము తేరుకున్నాం.

విరామం తర్వాత, ఆట నాలుగు భాగాల్లో మూడోదానిలో, నా ఆటగాడు రోలండ్ పికెట్ పరిగెత్తుకొచ్చాడు. కర్టిస్‌కు బంతి అందకుండా అడ్డుకోవడం వాడి పని. నన్ను ఎగాదిగా చూసి, "కోచ్, మీవాడు ఎడమ కాలు పూర్తిగా ఆనించట్లేదండీ. ఆ కాలి వైపు నుంచి తగలమంటారా, వద్దా?" అని అడిగాడు. వాడు అడగాల్సిన పద్ధతిలోనే అడిగాడు. వద్దు అనడానికి ఒక్క మాట చాలు.

"కంటికి కనబడింది చూసి ఆడు," అన్నాను.

చివరి నిమిషానికి మేము పదిహేడు, వాళ్ళు పద్నాలుగు. వాళ్ళు బంతిని మా చివరి గీత దాటించి పట్టుకుంటే ఆరు పాయింట్లు, గెలుపు. బంతి కర్టిస్ వైపు వచ్చింది. వాడు ఎగిరాడు. రోలండ్ ఎడమ వైపు నుంచి తగిలాడు. ఆ చప్పుడు మా బెంచీ దాకా వినబడింది. మీద పడ్డ ఆటగాళ్ళ కుప్ప విడిపోయాక బంతి నేల మీద ఉంది. పట్టలేదని రిఫరీ చేతులు అడ్డంగా ఊపాడు. మేము గెలిచాం. కర్టిస్ మోకాలికి మూడు ఆపరేషన్లు అయ్యాయి. అది ఈనాటికీ వంగదు. చక్రాల బల్ల మీద కూర్చుని ట్రాక్టరు ఇంజన్లు బాగుచేసుకుంటున్నాడు. ఆ పనిలో ఈ జిల్లాలో వాడికి మించినవాడు లేడు.

ఆసుపత్రిలో వాడు, "నాన్నా, నీ సైగలన్నీ మావాళ్ళకి చెప్పేశాను," అన్నాడు. "తెలుసులే," అన్నాను. నా వంతు చెప్పడానికి అదే సమయం. మార్గిట్ పక్కన కూర్చుని వాడి నుదురు తుడుస్తోంది. చెప్పలేదు. ఆమె 2011లో పోయేదాకా చెప్పలేదు. కర్టిస్ నలభై అయిదేళ్ళుగా ప్రతి ఆదివారం ఫోను చేస్తాడు. వాన గురించి, మొక్కజొన్న ధర గురించి మాట్లాడుకుంటాం.

7. నా అల్యూమినియం పడవ, మోటారు, గాలాలు రోలండ్ పికెట్‌కు చెందాలి. ఆ పడవలో మేమిద్దరం ముప్పై ఏళ్ళు చేపలు పట్టాం. ఆ శనివారం గురించి ఒక్కసారే ఎత్తాడు. "కోచ్, నేను నిన్ను అడక్కుండా ఉండాల్సిందేమో," అన్నాడు. అప్పటికి వాడు నన్ను నువ్వు అనేంత పెద్దవాడయ్యాడు. నేను గాలానికి ఎర గుచ్చి నీళ్ళలోకి వేశాను. ఆ రోజు ఇవ్వాల్సిన జవాబు ఇది, చట్టబద్ధంగా చెల్లేలా రాస్తున్నాను: వాడు అడిగాడు, నేను చెప్పాను, వాడు విన్నాడు. తప్పు నాది. రోలండ్ భార్య డార్లాకు ఈ క్లాజు నకలు విడిగా పంపాలి. వాడు చూపించకుండా దాచేస్తాడు.

8. మార్లో కాలేజీ విద్యార్థులు చాలక, పోయిన ఏడాది మూతపడింది. సామాను వేలం వేసినప్పుడు హెమింగ్ గదిలోని పాత ఫిల్ము డబ్బాలు ఎవరూ తీసుకోలేదు. నేను తెచ్చుకున్నాను. 1979ది అందులో ఉంది. బడి నుంచి ప్రొజెక్టరు అడిగి తెచ్చి, ముందు గదిలో ఒక్కణ్ణే కూర్చుని చూశాను.

ఇన్నేళ్ళూ నేను ఒక మాట చెప్తూ వచ్చాను. మార్గిట్‌కు, పిల్లలకు, పాస్టరుకు చెప్పాను. కర్టిస్ పడగానే నేను మైదానంలోకి పరిగెత్తాననీ, రిఫరీ ఆపాడనీ. చెప్పగా చెప్పగా నేనే నమ్మాను. ఫిల్ములో మార్గిట్ పరిగెడుతోంది. చర్చికి వేసుకునే జోళ్ళతో, కోటు బొత్తాలు పెట్టుకోకుండా, మార్లో వైపు నుంచి దిగి, బురదలో ఒకసారి పడి లేచి పరిగెడుతోంది. హెమింగ్ పరిగెడుతున్నాడు. కర్టిస్ పక్కన మోకాళ్ళ మీద కూలబడి రోలండ్ చేతులు ఊపి అందరినీ పిలుస్తున్నాడు. నేను గీత దగ్గర, వాళ్ళకు వీపు తిప్పి, చేతిలో కాగితం చూసుకుంటూ నిలబడ్డాను. ఫిల్ము అయిపోయేదాకా అలాగే నిలబడ్డాను.

మే నెలలో ఆ డబ్బా, ప్రొజెక్టరూ పట్టుకుని కర్టిస్ షెడ్డుకు వెళ్ళాను. గోడకు దుప్పటి కట్టి దాని మీద ఫిల్ము వేశాం. వాడు చక్రాల బల్ల మీద, నేను పెయింటు డబ్బా మీద కూర్చున్నాం. చూపించి, రోలండ్ అడిగిందీ నేను అన్నదీ చెప్పాను. మాట మార్చకుండా, అప్పుడు అన్నది అన్నట్టే చెప్పాను.

వాడు ఫిల్ము చివరిదాకా చూశాడు. తర్వాత, "వెనక్కి తిప్పు," అన్నాడు. తిప్పాను. "ఇంకోసారి." మళ్ళీ తిప్పాను. మూడోసారి లేచి, కాలు ఈడ్చుకుంటూ దుప్పటి దగ్గరికి వెళ్ళి వేలు పెట్టాడు.

"ఇక్కడ చూడు నాన్నా. రెండు కాళ్ళూ నేల మీదున్నాయి, బంతి గుండెకి ఆనించి ఉంది. కింద పడ్డాక కూడా ఉంది. చూశావా? రోలండ్ లేస్తుంటే వాడి మోచెయ్యి తగిలి జారింది, అప్పటికే పట్టడం అయిపోయింది. నేను పట్టుకున్నాను."

"పట్టుకున్నావురా," అన్నాను.

"నలభై అయిదేళ్ళు వదిలేశాననుకున్నాను," అన్నాడు. మొహం అటు తిప్పుకున్నాడు. కాసేపటికి కాఫీ పెట్టాడు. తాగి వచ్చేశాను. వాడు నన్ను క్షమించాడని ఇక్కడ రాయడం లేదు. వాడు ఆ మాట అనలేదు, నేను అడగలేదు. ఆ ఆదివారం ఫోను చేశాడు. వాన సంగతి ఎత్తలేదు.

ఆ ఫిల్ము ఇప్పటికే కర్టిస్ దగ్గర ఉంది. దాన్ని ఎవరూ తిరిగి అడగకూడదు.

9. పై ఆటలో కెండ్రిక్ పదిహేడు, మార్లో పద్నాలుగు అని కాలేజీ రికార్డుల్లో, అద్దాల బీరువాలోని కప్పు మీద, నా పేర వేసిన రాతిఫలకం మీద ఉంది. మనిషి తన స్వార్జితం మీద మాత్రమే వీలునామా రాయగలడని వకీలు చెప్పాడు. ఆ గెలుపు నా స్వార్జితం కాదు. కాబట్టి దాన్ని ఎవరికీ రాసి ఇవ్వడం లేదు. దాని అసలు హక్కుదారు కర్టిస్ లుండ్‌క్విస్ట్, మార్లో కాలేజీ, ఎనభై నాలుగో నంబరు. ఫలకం మీద అంకెలు మార్లో ఇరవై, కెండ్రిక్ పదిహేడు అని సరిచేయించే ఖర్చు నా ఆస్తిలోంచి పెట్టాలి. కాలేజీ వాళ్ళు ఒప్పుకోకపోతే నా పేరైనా దాని మీంచి చెక్కి తీసేయించాలి.

పై తొమ్మిది క్లాజులూ చదువుకుని, రెండు టైపు తప్పులు చేత్తో దిద్ది, 2024 సెప్టెంబరు 9, సోమవారం ఉదయం, ఈ కింది ఇద్దరి ఎదుట సంతకం చేశాను.

(సంతకం) ఆర్విడ్ లుండ్‌క్విస్ట్

సాక్షులు:
1. లోయిస్ హామర్‌బెక్, కెండ్రిక్ పట్టణ గ్రంథాలయం
2. వెండెల్ స్ట్రూబ్, మార్లో పట్టణం. 1979 నవంబరు 10న ఆ ఆటకు రిఫరీ. పైన రాసినదంతా చదివాను. ఫిల్ము కూడా చూశాను. అతను పట్టుకున్నాడు.