పన్నెండున్నర వోల్టులు

వరంగల్,
9-5-1988.

చి.ల.సౌ. అరుణకు,

వెంకట్రాజం దీవెనలు. దీవించేంత పెద్దరికం ఇవ్వాళ నాలో లేదు గానీ, అవి లేకుండా మొదలుపెడితే నువ్వు అలుగుతావు. ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. నీ నడుము నొప్పి తగ్గిందా? పొద్దున్నుంచి కాలేజీలో కాస్త ఖాళీ దొరికితే చాలు, ఈ ఉత్తరం ముందు కూర్చోవడం, లేచి తిరగడం, ఇదే పని.

మామిడికాయ తొక్కు అందిందా అన్నావు. అందింది. అమ్మ "ఉప్పు ఎక్కువేసిండ్రు మీ అత్తోళ్లు" అంటూనే రోజూ దాంతోనే తింటోంది. కాలేజీ ల్యాబులో మా మిషన్ పూర్తయిందా అని కూడా అడిగావు. అసలు సంగతి అదే.

మొన్న మీ ఊరికి తెచ్చిన డబ్బా అది. అందులో మైక్రోకంట్రోలర్ అనే చిప్పు ఉంటుంది. బ్యాటరీకి తగిలిస్తే వోల్టేజీ అంకెల్లో చూపిస్తుంది. కరెంటు పోతే కాన్పు గదిలో దీపానికని మీ బాపు తన ట్రాక్టర్ బ్యాటరీని దవాఖానకు ఇచ్చారు కదా. కొత్త అల్లుణ్ణి, గొప్ప చూపిద్దామని దానికి తగిలించాను. పన్నెండున్నర వోల్టులు! "భేషుగ్గ ఉంది మామా" అన్నాను. మీ బాపు మీసం తిప్పి, నర్సు సమ్మమ్మతో "ఇన్నవా? మా అల్లుడు మిషన్ పెట్టి చూసిండు. ఇగ కొత్త బ్యాటరీ ముచ్చట ఎత్తకు" అన్నారు.

అరుణా, ఆ మాట నేను అనాల్సింది కాదు. ఆ రోజు దీపం వేయకుండానే చూశాను. ఆంపియర్లు, అంటే దీపం ఎంత కరెంటు లాగుతుందో, కొలిచే భాగం అప్పటికి డబ్బాలో లేదు. నిన్ననే పెట్టాం. ల్యాబులో మూలకు పడేసిన ముసలి బ్యాటరీకి తగిలిస్తే అదీ పన్నెండున్నరే చూపింది. దీపం వేసి నాలుగు ఆంపియర్లు లాగగానే పదికి, ఎనిమిదికి జారింది. టీ తాగి వచ్చేసరికి దీపం ఆరిపోయి ఉంది. వెంటనే మీ బాపు బ్యాటరీ గుర్తొచ్చింది. మీ ట్రాక్టరును నలుగురు నెడితే గానీ స్టార్ట్ అయ్యేది కాదని నువ్వే కదా నవ్వుతూ చెప్పావు!

అమ్మకు చెబితే "మామ ఇజ్జత్ తియ్యకు బిడ్డా, జర సప్పుడు చెయ్యకుండు" అంది. ఒక పూట అట్లాగే ఉండి చూశాను. నావల్ల కాలేదు. నీకు నెలలు నిండాయి, మీ ఊళ్ళో పొద్దుగూకితే కరెంటు ఉండదు. నాకు భయంగా ఉంది.

పిల్లల ప్రాక్టికల్స్ వల్ల రేపు మధ్యాహ్నం దాకా నన్ను కదలనివ్వరు. అందుకే పోస్టులో వేయక, మీ ఊరి బస్సు కండక్టరు యాదగిరి చేతికి ఇస్తున్నాను. సాయంత్రానికి అందుతుంది. ఇక్కడిదాకా చదివి, ఉత్తరం మీ బాపుకే ఇవ్వు.

మామా, దండాలు. బాగుందన్నదీ నేనే, తప్పన్నదీ నేనే. ఊరంతా నన్నే నవ్వనివ్వండి. ఈ సాయంత్రమే సమ్మమ్మను పిలిచి, ఆ దీపం వేసి ఎదురుగా కూర్చోండి. గంటసేపు నిలిచి వెలిగితే రేపు బస్సు దిగగానే నలుగురిలో నన్ను తిట్టండి, సంతోషంగా పడతాను. మసకబారితే మాత్రం తిట్లు తర్వాత. నాకోసం చూడకుండా, ఎవరి జీపయినా అడిగి అరుణను వెంటనే వరంగల్ తీసుకురండి.

ఇట్లు,
తప్పు కొలిచిన మీ అల్లుడు,
వెంకట్రాజం