గులకరాళ్ళ డబ్బా

మార్చి 1998, గురువారం రాత్రి, కొండాపూర్

ఈయన తెలివితేటలతో ఇక వేగలేను. మా కుక్క టామీ మొరిగినప్పుడల్లా, గులకరాళ్ళు పోసిన పాలపొడి డబ్బా దాని దగ్గర గలగలలాడించమని ఆఫీసులో ఎవరో చెప్పారట. ఉలిక్కిపడి నోరు మూస్తుందట. నిజంగానే మూసింది. ఇప్పుడు మొరగాలనిపిస్తే చాలు, తనే మంచం కిందకి దూరిపోతోంది.

కానీ ఇంటి వెనక కొత్త ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్నారు కదా. పేల్చేముందు వాళ్ళు ఊదే ఈల మాకు వినపడదు, టామీకి వినపడుతుంది. అది మొరిగితేనే మేం లోపలికి పరిగెత్తేవాళ్ళం. ఈ రోజు అది మొరగలేదు. పిడికెడంత రాయి ఎగిరొచ్చి పెరట్లో నీళ్ళ డ్రమ్ముకి సొట్ట పెట్టింది. పాప ఆ డ్రమ్ము పక్కనే ఆడుకుంటోంది.

ఇంటి ఓనరు యాదమ్మ వచ్చి సొట్ట తడిమి చూసింది. "గా కుక్క మొరుగుతెనే గదా మాకు సుత ఎరుకయ్యేది. దాని నోరు మూపిచ్చిన్రు. ఇగ ఎవరు చెప్తరమ్మా?" అంది.

సాయంత్రం ఈయన రాగానే జరిగిందంతా చెప్పాను. "అంటే డబ్బా బాగానే పని చేస్తోందన్నమాట" అన్నారు.

అంతలో టామీ చెవులు రిక్కించి, చప్పుడు చెయ్యకుండా మంచం కిందకి దూరింది. పాప గుమ్మం బయటే ఉంది. లోపలికి రమ్మని గొంతు చించుకుని అరిచాను.

ఈయన చెయ్యి అలవాటుగా డబ్బా మీదకి వెళ్ళింది.