ఎనిమిది మెరిసే బోల్టులు

ఫిబ్రవరి 9

ఈ నోటుబుక్కు అమ్మాయి ఇచ్చింది. ఓడలో ఉన్నన్నాళ్లూ రోజూ రెండు ముక్కలు రాయి నాన్నా, లేకపోతే నేర్పిందంతా గంగపాలు చేస్తావు అంది. అరవై దాటిన తండ్రికి అక్షరాలు దిద్దించింది, మొండి పిల్ల. ఇవాళ రాయడానికేం లేదు. ఇంజిన్ రూంలో పని చేశాను. బాగా చేశాను.

ఫిబ్రవరి 11

చీఫ్ ఇంజనీరు వర్క్‌షాపులోకి వచ్చి తలుపు వేశాడు. వీడు నా చేతికింద రెంచి పట్టడం నేర్చుకున్నవాడే. పదిమందిలో చీఫ్ అంటాను. విడిగా ఉంటే ఒరేయ్.

సెపరేటర్ చెడిపోయిందట. ఇంజిన్ అడుగున చేరే నూనె నీళ్లలోంచి నూనె తీసేసి, ఉత్త నీళ్లు సముద్రంలోకి వదిలే మిషను అది. ఫిల్టర్లు పంపమని నెల నుంచీ ఆఫీసుకి మొత్తుకుంటున్నాను మామా, ట్యాంకు పీకలదాకా నిండింది అన్నాడు. ఆ నీళ్లు మిషను జోలికి పోకుండా తిన్నగా సముద్రంలో పడేలా ఒక పైపు కావాలట. మీటరున్నర, రెండు వంపులు.

ఇది తప్పు కాదట్రా అన్నాను. రెండ్రోజులకే మామా, నీలాంటి పనివాడు ఈ ఓడలో ఇంకెవడున్నాడు అన్నాడు.

ఆ ఆఖరి మాటకి పడిపోయాను.

ఫిబ్రవరి 12

పైపు చేశాను. అతుకు ఎక్కడుందో వేలితో తడుముకోవాలి, అలా వచ్చింది వెల్డింగ్. చివర ఇనుము మీద గుర్తు కొట్టే పంచితో మూడు చుక్కలు కొట్టాను. సంతకం రాని రోజుల నుంచీ నా పని మీద అదే సంతకం. ఈ చివర నాలుగు, ఆ చివర నాలుగు బోల్టులు వేసి బిగించాను.

ఫిబ్రవరి 13

వెనక డెక్కు మీదికెళ్లి చూశాను. ఓడ వెనకే రంగురంగుల జిడ్డు చార. కంటికి ఆనినంత దూరం.

నేను వయసులో ఉన్నప్పుడు ఇంతకన్నా ఘోరంగా పోసేవాళ్లం. అడిగే నాథుడు లేడు. అయినా అది నా పైపులోంచి పోలేదు. ఇంజిన్ రూంలో నేల మీద నూనె చుక్క పడితే నోటికొచ్చినట్టు తిట్టే మనిషిని. ఇప్పుడు నా ఇల్లు తుడిచి చెత్త పక్కింటి గుమ్మంలో పోసినట్టుంది.

ఫిబ్రవరి 14

రెండ్రోజులు అయిపోయాయి. పైపు తీయమనలేదు.

ఫిబ్రవరి 19

ఇంకా తీయలేదు. నేను అడగలేదు. అడగాల్సింది.

మెస్‌లో కంపెనీవాళ్ల కొత్త పోస్టరు అంటించారు. నీలం సముద్రం, మధ్యలో పచ్చటి ఆకు. సముద్రాన్ని శుభ్రంగా ఉంచడం మనందరి బాధ్యత అని ఇంగ్లీషులో ఉందట, వంటాయన చదివి చెప్పాడు. అంత పెద్ద ఆకు నిజంగా పంపితే పప్పులో వేసి పెడుదును కదా పెద్దాయనా అన్నాడు. అందరూ విరగబడి నవ్వారు. చీఫ్ కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. నేను కంచం తీసుకుని లేచిపోయాను.

ఫిబ్రవరి 23

రేపు రేవులో ఇన్‌స్పెక్టరు ఎక్కుతాడు. చీఫ్ ముఖంలో నెత్తురు లేదు. పైపు తీసి ముక్కలు చేసి నీళ్లలో పారెయ్ మామా, దొరికితే ఇద్దరం జైల్లో కూర్చుంటాం, నీకిదే ఆఖరి ట్రిప్పు అవుతుంది అన్నాడు. ఎలాగూ ఆఖరి ట్రిప్పేగదరా, దిగి ఇంటికేగా పోయేది అన్నాను. పైకి అన్నాను గానీ జైలు అన్న మాట చెవిలోంచి పోలేదు. మీ నాన్న ఎక్కడని ఎవరైనా అడిగితే అమ్మాయి ఏం చెబుతుంది?

పైపు తీశాను. ఖాళీ అయిన చోట రెండు మూతలు పెట్టి, అవే బోల్టులతో బిగించాను. ముక్కలు చేయడానికి చేతులు రాలేదు. గోనెగుడ్డ చుట్టి నా మంచం కింద పెట్టాను.

ఫిబ్రవరి 24, మధ్యాహ్నం



ఇన్‌స్పెక్టరు బక్కపల్చటి మనిషి. మాట తక్కువ. టార్చి పట్టుకుని పైపులన్నీ చూసుకుంటూ వచ్చి ఆ మూతల దగ్గర ఆగాడు. అప్పుడు చూశాను నేను చేసిన నిర్వాకం. నా చేతిలోకి వచ్చిన బోల్టుని బ్రష్షు కొట్టి గ్రీజు రాయకుండా తిరిగి పెట్టడం నా ఒంట్లో లేదు. చుట్టూ అంతా తుప్పు, పెచ్చులు లేచిన పెయింటు. మధ్యలో ఎనిమిది బోల్టులు పెళ్లికొడుకుల్లా మెరిసిపోతున్నాయి. దొంగపని కూడా శుభ్రంగా చేసిన వెధవని నేనొక్కణ్ణే అయ్యుంటాను.

ఇవొక్కటే ఇలా ఎందుకున్నాయి అన్నాడు. మా ఫిట్టరు ముసలాయన సర్, శుభ్రం పిచ్చి అని చీఫ్ నవ్వాడు. ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. ఇక్కడ పైపు ఏదైనా బిగించావా అని ఇంగ్లీషులో అడిగాడు. ఆ మాత్రం నాకు అర్థమవుతుంది.

నో సర్ అన్నాను.

నలభై ఏళ్లలో చేసిన పనిని నాది కాదనడం ఇదే మొదలు.

అతను బోల్టు మీద వేలు రాసి, వేలికంటిన గ్రీజు చూసుకున్నాడు.  రేపు ఎనిమిదింటికి వచ్చి కాగితాల మీద సంతకం పెడతానని దిగిపోయాడు. ఆ సంతకం పడందే ఓడ కదలదు.

ఫిబ్రవరి 24, సాయంత్రం

గండం గడిచింది మామా అంటూ చీఫ్ వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.  తర్వాత అసలు సంగతి చెప్పాడు. ఫిల్టర్లు ఇంకో నెల తర్వాతట. పోనీ ఆ నీళ్లు తోడుకుపోయే పడవనైనా పిలవండి, రేవులోనే ఉందిగా అంటే, టైం లేదు, రేపు మధ్యాహ్నం ఓడ కదలాల్సిందే అన్నారట ఆఫీసువాళ్లు. అందుకని ఇంకో పైపు చెయ్యాలి మామా, ఈసారి బోల్టులు మాత్రం తుడవకు అన్నాడు.

పని అయ్యాక తుడవమని వీడి వేళ్ల మీద కొట్టి మరీ నేర్పాను. వీడు నన్ను తుడవకు అంటున్నాడు.

చెయ్యను అన్నాను. అయితే ఇంకెవరిచేతైనా అతికిస్తాలే, కారితే కారింది అన్నాడు. నా పొగరుని గిల్లుతున్నాడని తెలుసు. చెయ్యనురా అన్నాను మళ్లీ. ట్యాంకు పొంగి ఇంజిన్ రూంలోకి వస్తే నన్నేం చెయ్యమంటావు మామా, పిల్లలుగలవాణ్ణి అని గొంతు పెంచాడు. ఆ గొంతు నా మీద కోపం కాదు, భయం. నాకూ అదే ఉంది. పడవ వస్తే గానీ ట్యాంకు ఖాళీ కాదు. ఓడ ఆగితే గానీ పడవ రాదు. ఓడని ఆపేది ఎవడు?

ఫిబ్రవరి 25, పొద్దున ఏడున్నర

ఓడ ఎక్కే మెట్ల దగ్గర స్టూలు వేసుకుని కూర్చున్నాను. పైపు ఒళ్లో ఉంది. గోనెగుడ్డ తీసేశాను. మూడు చుక్కలూ పైకే ఉన్నాయి. 

చీఫ్ వచ్చి చూశాడు. నా పేరు చెప్తావా మామా అన్నాడు. ముందు నా పేరు చెప్తానురా, తర్వాత నీ నోరు నీది అన్నాను. లోపలికి వెళ్లిపోయాడు.

ఏడూ యాభై

చీఫ్ తిరిగొచ్చాడు. గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇంకో స్టూలు తెచ్చుకున్నాడు.